విక్టోరియన్ చెక్క బొమ్మరిల్లు కట్టడం, బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్ల కిందట అమెరికాలో ఉన్నప్పుడు, ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర సగం విరిగిన చెక్క బొమ్మరిల్లు కొన్నాను. దాన్ని బాగుచేస్తూ ఈ పని నేర్చుకున్నాను. తర్వాత కిట్‌తో, అంటే కలుపుకోవడానికి సిద్ధంగా అమ్మే ముక్కల పెట్టెతో ఒకటి, సొంత కొలతలతో మరొకటి కట్టాను. మూడూ ఇప్పుడు విశాఖపట్నంలో మా ముందు గదిలో ఉన్నాయి. చూడవచ్చినవారు అడిగే ప్రశ్నలు, ఈ పని మొదలుపెట్టినవారు ఫోను చేసి అడిగే ప్రశ్నలు ఏళ్లుగా దాదాపు ఒకటే. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఇది పిల్లల ఆటవస్తువు కదా, పెద్దవాళ్లు ఇంత శ్రమ పడడం దేనికి?

మొదట్లో ఇది పెద్దవాళ్లదే. రికార్డుల్లో కనిపించే తొలి బొమ్మరిల్లు 1557-58లో బవేరియా డ్యూక్ ఐదవ ఆల్బ్రెక్ట్ చేయించుకున్నది. 17వ శతాబ్దం చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి ఒక అలమారులో కట్టించుకున్న ఇల్లు ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలో ఉంది. పిల్లల చేతికి ఇచ్చే వస్తువులు కావవి. విక్టోరియా కాలంలో చౌకగా, పెద్ద సంఖ్యలో తయారవడం మొదలయ్యాకనే బొమ్మరిల్లు మామూలు పిల్లల గదుల్లోకి వచ్చింది.

మనకు కొంచెం దగ్గరగా వచ్చే ఉదాహరణ కూడా ఒకటుంది. 1924లో పూర్తయిన క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. దాన్ని రూపొందించింది న్యూఢిల్లీని తీర్చిన ఎడ్విన్ లుట్యెన్స్. నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ గీసినదీ ఆయనే. ఆ బొమ్మరింట్లో దీపాలు వెలుగుతాయి, కొళాయిల్లో నీళ్లు వస్తాయి, లిఫ్టులు కదులుతాయి. దాని కట్టడ శైలి విక్టోరియన్ కాదు. అయినా ఈ పని చేసే ప్రతి ఒక్కరూ దాని ఫొటోలు చూడాలి. ముఖ్యంగా చూడవలసింది గదుల వైభవం కాదు. బయటి గోడలన్నీ ఒక్క పెట్టెలా పైకి లేచిపోయి, లోపలి గదులు నాలుగు వైపులా చేతికి అందడం చూడాలి. చెయ్యి ఎక్కడి నుంచి లోపలికి వెళ్తుందో లుట్యెన్స్ ముందే ఆలోచించాడు. ఈ పేజీ అంతటా నేను చెప్పబోయేది కూడా అదే.

విక్టోరియన్ ఇల్లు అని దేన్ని అంటారు?

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 కాలపు ఇంటిని. అరవై ఏళ్లకు పైబడిన కాలం కాబట్టి శైలులు చాలా ఉన్నాయి. లండన్ వీధిలో వరుసగా ఆనుకుని నిలబడిన ఇటుక మేడ విక్టోరియనే. అమెరికాలో బురుజు, చుట్టు వరండా, చేప పొలుసుల్లాంటి చెక్క పెంకులతో ఉండే క్వీన్ ఆన్ శైలి ఇల్లూ విక్టోరియనే. కిట్‌లలో ఎక్కువగా దొరికేది రెండోది.

ఇంటి రూపానికి కారణాలు తెలుసుకుంటే కట్టేటప్పుడు తప్పులు తగ్గుతాయి. బ్రిటన్‌లో గాజు మీద సుంకం 1845లో, కిటికీల పన్ను 1851లో రద్దయ్యాయి. గాజు చవకై, పెద్ద పలకలు దొరికాక కిటికీలు వెడల్పయ్యాయి, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే బే విండోలు వీధివీధినా వెలిశాయి. అందుకే 1880ల నాటి ఇంటికి చిన్న చిన్న గళ్ల కిటికీ పెడితే వందేళ్ల వెనకటిదిలా కనిపిస్తుంది. రెక్కకు ఒకటో రెండో గాజు పలకలు చాలు. చూరు కింద వేలాడే చెక్క లేసు, అంటే జింజర్‌బ్రెడ్ ట్రిమ్, యంత్రపు రంపాలు వచ్చాకనే మామూలు ఇళ్లకు అందింది. రంగులు కూడా కాలాన్ని బట్టే. ఆ కాలపు అమెరికా ఇళ్లకు ముదురు ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, కావి పసుపు, గోధుమ రంగులు వేసేవారు. లేత గులాబీ, లేత నీలం అందంగానే ఉంటాయి, కానీ అది మన కాలపు అభిరుచి.

1:12 అంటే ఏమిటి?

అసలు ఇంట్లో ఒక అడుగు బొమ్మరింట్లో ఒక అంగుళం. ఆరడుగుల మనిషి ఆరు అంగుళాలు. 18 అంగుళాల ఎత్తున్న కుర్చీ కూర్చునే చోటు ఒకటిన్నర అంగుళం. అంతస్తు ఎత్తు 10 అంగుళాలైతే, ఒక్కో మెట్టు అంగుళంలో 5/8 వంతు చొప్పున సరిగ్గా 16 మెట్లు పడతాయి. ఫర్నిచర్, తలుపులు, దీపాలు ఎక్కువగా దొరికేది ఈ స్కేలులోనే. చోటు తక్కువైతే సగం కొలత 1:24 ఉంది, ఇంకా చిన్నది 1:48 ఉంది. చూపు, వేళ్లు రెండూ సహకరిస్తేనే 1:48 జోలికి వెళ్లండి.

స్కేలు తప్పేది గోడల దగ్గర కాదు, చిన్న వస్తువుల దగ్గర. వాల్‌పేపర్ మీది పువ్వు అంగుళం వెడల్పుంటే అసలు ఇంట్లో అది అడుగు పువ్వు. తలుపు గుండీ పావు అంగుళం ఉంటే అసలు ఇంట్లో మూడు అంగుళాల గుండీ. గది మొత్తం ఎందుకు బొమ్మలా కనిపిస్తోందో తెలియక తికమకపడేవారు ఈ రెండూ కొలిచి చూడాలి.

కిట్ కొనాలా, సొంతంగా గీసుకోవాలా?

మొదటిది కిట్. సందేహం వద్దు. కిట్‌లు ముఖ్యంగా రెండు రకాలు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకల నుంచి ముక్కలు ఊడదీసుకుని, ఒకదాని నాలుకను ఇంకొకదాని గాడిలో దించేవి చవక. ముక్కలు వందల్లో ఉంటాయి, ఓపిక కావాలి. సుమారు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్‌తో (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక), గాడులు కోసి వచ్చేవి ఖరీదు, బరువు. త్వరగా నిలబడతాయి, వంకర పోవు.

ఇక్కడ ఏ చెక్క వాడాలి?

గోడలకు, నేలకు 6 మిల్లీమీటర్లు లేదా 9 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్. కొనేటప్పుడు అంచు చూడండి. పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే వదిలేయండి, కిటికీ కోసినప్పుడు సరిగ్గా అక్కడే పగులుతుంది. ఎండీఎఫ్ నున్నగా కోసుకుంటుంది కానీ అంచులు తడి తగిలితే ఉబ్బుతాయి. దాని పొట్టు చాలా సన్నం, మాస్కు లేకుండా కోయకండి.

చెక్కిన చిన్న భాగాలకు మన దగ్గరి చెక్కలను చిన్నచూపు చూడవద్దు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలిక, మెత్తన. వరండా స్తంభం తలకట్టు లాంటివి చాకుతోనే వస్తాయి. ఏటికొప్పాక వారు తరిణె మీద తిప్పే అంకుడు చెక్క, మెట్ల పక్కన వరుసగా నిలిచే గుండ్రని రెయిలింగ్ స్తంభాలకు చక్కగా సరిపోతుంది.

ఏ పనిముట్లు కావాలి?

ఉక్కు స్కేలు, మూలమట్టం, పదునైన క్రాఫ్ట్ చాకు, సన్నని పళ్ల చిన్న రంపం, 45 డిగ్రీల కోతకు చెక్క పెట్టె, ఉప్పు కాగితం, చిన్న ఆకురాయి, మాస్కింగ్ టేపు, అరడజను బిగింపులు. పట్టకారుగా కంసాలి శ్రావణం కొనుక్కోండి. మామూలు వాటికన్నా దాని పట్టు నమ్మకంగా ఉంటుంది. కరెంటు రంపం మొదటి ఇంటికి అవసరం లేదు.

పని ఏ క్రమంలో చేయాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే. ఎక్కువమంది గోడలు నిలబెట్టేస్తారు, ఆ తర్వాత రంగు, కాగితం, దీపాలు అంటారు. అప్పటికి మెట్ల వెనక మూల, బురుజు లోపలి గోడ, అటక వంపు చేతికి అందవు. గది ఎత్తు 10 అంగుళాలే. అందులో మీ పిడికిలి, బ్రష్షు, చూపు మూడూ ఒకేసారి పట్టవు.

మొదట ముక్కలన్నీ జిగురు లేకుండా, మాస్కింగ్ టేపుతో నిలబెట్టండి. ఆ ఇంటిని కనీసం వారం రోజులు అలాగే ఉంచండి. రోజూ ఒక్కో గదిలో చెయ్యి పెట్టి చూడండి. వేలు ఎక్కడ ఆగిపోతోందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. గుర్తు పెట్టిన ప్రతి చోటా పని, ఇల్లు కలపకముందే, గోడ బల్ల మీద పడుకుని ఉండగానే పూర్తికావాలి. విడదీసేముందు గది లోపలి హద్దులు కూడా గోడల మీద గీసుకోండి. కాగితం ఎంతవరకు అంటించాలో, జిగురు పడే చోటు ఎంత ఖాళీగా వదలాలో ఆ గీతలే చెబుతాయి.

విడదీశాక వరుస ఇది: రెండు వైపులా ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), సీలింగ్ రంగు, దీపాల తీగలు, చెయ్యి అందని గోడలకు వాల్‌పేపర్. తర్వాత గోడలు కలపడం. మెట్లు విడిగా కట్టి, రంగు వేసి, చివర్లో దించాలి. కిటికీ గాజులు కూడా చివర్లోనే. వాటిని తీయడానికి వీలుగా పెట్టుకుంటే పదేళ్ల తర్వాత దుమ్ము తుడవడానికి నాకు, మీకు దారి ఉంటుంది.

నా కిట్ ఇంట్లో రెండో అంతస్తు మెట్ల వెనక గోడకు కాగితం మరిచిపోయి కలిపేశాను. అద్దం ముక్కను పుల్లకు కట్టి, పట్టకారుతో కాగితం లోపలికి పంపి, మూడు రాత్రులు కష్టపడ్డాను. ఒక మూల ఇప్పటికీ అంటుకోలేదు.

ఏ జిగురు మంచిది?

కట్టడానికి మామూలు తెల్ల చెక్క జిగురు, మన ఇళ్లలో అందరూ ఫెవికాల్ అని పిలిచేదే. రెండు అంచులకూ పలచగా రాసి, బిగించి, రాత్రంతా వదిలేయాలి. జిగురు కడ్డీని వేడికి కరిగించి వదిలే హాట్ గ్లూ గన్‌తో మాత్రం గోడలు కలపవద్దు. అది క్షణాల్లో పట్టుకుంటుంది కాబట్టి మనసు లాగుతుంది, కానీ అతుకు మధ్య మందంగా నిలుస్తుంది. కాలం గడిచేకొద్దీ, ఎండలు, చలి మారేకొద్దీ చెక్కను వదిలేస్తుంది. నేను కొన్న పాత ఇల్లు కూలింది దానివల్లనే.

వానాకాలంలో చెక్క వంగిపోతోంది, ఏం చేయాలి?

అమెరికా నుంచి వచ్చిన ఏడాది ఆగస్టులో మా పాత బొమ్మరింటి ముందు తలుపు బిగుసుకుపోయింది. ఏడు అంగుళాల ఎత్తున్న తలుపు. దానికీ ద్వారబంధానికీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉండేది. అది మూసుకుపోయింది. పక్క గోడ మధ్యలో చిన్న పొట్టలా ఉబ్బింది. వెనక్కి తిప్పి చూస్తే కారణం తెలిసింది. లోపలి వైపు రంగు, కాగితం ఉన్నాయి. బయటి వైపు పచ్చి చెక్క. తేమ ఒక్క వైపు నుంచే దూరి, ఆ వైపు సాగింది.

అందుకే పలకకు రెండు ముఖాలూ, నాలుగు అంచులూ సమానంగా మూయాలి. కనిపించని వైపు కదా అని వదిలేస్తే ఇక్కడి గాలి వదలదు. ఇప్పటికే వంగిన పలకను విడదీయగలిగితే, లోపలికి గుంటపడిన వైపు తడిగుడ్డతో కొద్దిగా తడిపి, చదునైన బల్ల మీద బరువు పెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. చదునయ్యాక వెంటనే రెండు వైపులా ప్రైమర్ వేయండి. తలుపు బిగుసుకుంటే వానాకాలంలో అరగదీయకండి. వేసవి వచ్చేసరికి సందు పెద్దదైపోతుంది.

వాల్‌పేపర్ మీద బుడగలు వస్తున్నాయి.

పచ్చి చెక్క తడిని ఒక్కసారిగా పీల్చడం వల్ల, లేదా జిగురులో నీళ్లు ఎక్కువవడం వల్ల వస్తాయి. గోడకు ముందు ప్రైమర్ వేసి, బాగా ఆరాక, చిక్కని కాగితపు జిగురు పలచగా రాసి, మధ్య నుంచి అంచుల వైపు మెత్తని గుడ్డతో తోయాలి. ముందు వెనక గోడకు అంటించి, కాగితాన్ని రెండు పక్కలకూ పావు అంగుళం మలచండి. తర్వాత పక్క గోడల కాగితాన్ని సరిగ్గా మూలకు కోసి దాని మీద పెట్టండి. మూలలో సందు కనిపించదు.

నేను ఇప్పుడు కాగితాన్ని నేరుగా గోడకు అంటించడం లేదు. పలచని అట్టను గోడ కొలతకు కోసి, దానికి కాగితం అంటించి, అట్టను గోడకు రెండు మూడు చుక్కలతో నిలుపుతాను. చెక్కలోని ఆమ్లం తగిలి కాగితం పచ్చబడదు. దీపం తీగ తెగితే అట్ట ఊడదీసి చూడవచ్చు.

కప్పు మీద చెక్క పెంకులు ఎలా వేయాలి?

లెక్కతో మొదలుపెట్టండి. 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వాలు ఉన్న ఒక పక్కకు, అంగుళం వెడల్పు పెంకులు, వరుసకు ముప్పావు అంగుళం బయటికి కనిపించేలా వేస్తే 16 వరుసలు, వరుసకు 24, మొత్తం 384. రెండో పక్కకు మళ్లీ అన్నే. చూరుకు రెట్టింపు వరుస, విరిగేవి, వంకరవి పోను ఇంకో నూరు తెచ్చుకోండి.

రంగును అంటించాక వేస్తే సందుల్లోకి వెళ్లదు. ముందే పెంకులను పలచని చెక్క రంగులో ముంచి, వార్తాపత్రిక మీద ఆరబెట్టుకోవాలి. కప్పు పలకకూ అదే రంగు వేసి, ముప్పావు అంగుళానికి ఒకటి చొప్పున గీతలు గీయండి. చూరు దగ్గర కింది వరుస రెట్టింపుగా వేసి పైకి వెళ్లాలి. ప్రతి వరుసా కింది వరుస సందును మూసేలా సగం పెంకు జరగాలి. నీటి జిగురు తగిలితే పలచని పెంకు చివర పైకి లేస్తుంది, కాబట్టి నీళ్లు లేని కాంటాక్ట్ జిగురు వాడండి, మీ గది కిటికీలు తెరిచి. రోజుకు నాలుగైదు వరుసలు చాలు. చెయ్యి అలిసినప్పుడు వేసిన వరుస ఎంత దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది.

దీపాలు పెట్టడం ప్రమాదమా?

12 వోల్టుల అడాప్టరుతో చేస్తే ప్రమాదం చాలా తక్కువ. ఇంటి కరెంటును నేరుగా బొమ్మరింట్లోకి ఎప్పుడూ తీసుకురాకండి. పాతరకం చిన్న బల్బు ఒక్కోటి సుమారు 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 1 ఆంపియర్ అడాప్టరుకు పదహారు. ఎల్ఈడీ అయితే ఒక్కోటి సుమారు 20 మిల్లీఆంపియర్లే, వేడి కూడా తక్కువ. గోడకు అంటించే రాగి పట్టీ కనిపించకుండా కాగితం కింద దాగుతుంది కానీ, అతుకుల దగ్గర తుప్పుపట్టి ఏళ్ల తర్వాత దీపం మిణుకుతుంది. నేను ప్రతి దీపానికీ విడి తీగ వెనక గోడకు లాగి, అక్కడ కలుపుతాను. చెడిపోయిన దీపం ఏదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

పాత బొమ్మరిల్లు దొరికింది. మొదట ఏం చేయాలి?

ఏమీ చేయకండి. ముందు ప్రతి గదినీ, అడుగునూ, వెనకనూ ఫొటోలు తీయండి. రాలిన ముక్కలను గదివారీగా కవర్లలో వేసి పేరు రాయండి. ఏ ముక్క దేనిదో తెలియకపోయినా పారేయకండి.

తర్వాత ఆరోగ్యం సంగతి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. కాబట్టి అంతకు ముందటి రంగును పొడిగా రుద్దకండి. 19వ శతాబ్దపు ఆకుపచ్చ వాల్‌పేపర్లలో ఆర్సెనిక్ ఉన్న రంగులు కూడా వాడారు. అంత పాతదైతే గీకే ఆలోచనే వద్దు, మ్యూజియం పని తెలిసినవారిని అడగండి.

చెక్కలో గుండుసూది తలంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. ఫర్నిచర్ లాంటి చిన్న వస్తువులను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచిని వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చాక విప్పితే లోపల చెమ్మ పట్టదు.

హాట్ గ్లూతో కట్టిన ఇంటిని విడదీయడం ఎలా?

అతుకు అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి ఒక నిమిషం ఆగి, పలచని చాకును నెమ్మదిగా తోయండి. చాలాసార్లు మొత్తం పట్టీలా ఊడివస్తుంది. రంగు ఉన్నచోట ముందు మూలలో ఒక చుక్క పరీక్షించండి. తెల్ల జిగురైతే గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను అతుకు మీద పరచాలి. చాలా పాత ఇళ్లలో వాడిన జంతు జిగురు కూడా గోరువెచ్చని తడికి మెత్తబడుతుంది.

విరిగిన చెక్క లేసును, పగుళ్లను ఎలా పూడ్చాలి?

లేసు ఒకే నమూనా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి, బాగున్న భాగం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. దాన్ని పలచని ప్లైవుడ్‌కు అంటించి, ముందు రంధ్రాలు, తర్వాత బయటి అంచు కోయండి. ఈ వరుస తిరగేస్తే, లోపల కోసేటప్పుడు చేతిలో విరుగుతుంది.

పగుళ్లకు దుకాణంలో దొరికే లప్పం సరిపోతుంది. నాకు మాత్రం కొండపల్లి పనివారి మక్కు ఇష్టం. చింతగింజల పిండి జిగురులో సన్నని రంపపు పొట్టు కలిపి చేస్తారు. ఆరాక చెక్కలాగే అరుగుతుంది, రంగు పడుతుంది. మందంగా ఒకేసారి పెట్టకుండా రెండు పొరలుగా పెట్టండి.

పాతదాన్ని మొత్తం కొత్తగా మార్చేయవచ్చా?

మీ వస్తువు, మీ ఇష్టం. కానీ నేను చేయను. నా పాత ఇంట్లో మెట్ల అడుగు పలక ఊడదీసినప్పుడు, ఎండిన పసుపు జిగురులో ఒక బొటనవేలి ముద్ర కనిపించింది. గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఇంటిని మొదట కట్టినవారు ఆ పలకను అక్కడ అదిమి పట్టుకున్నారు. పక్కనే పెన్సిలుతో కూడిక వేసి, కొట్టేసి, మళ్లీ వేసుకున్న కొలత ఉంది. ఆ పలకకు కొత్త జిగురు రాయకుండా, పక్కన చిన్న చెక్క బద్ద పెట్టి నిలబెట్టాను. పాత వాల్‌పేపర్‌లో చినగని భాగం అరచేయంత ఉన్నా ఉంచుతాను. కొత్తగా చేసిన ప్రతి ముక్క వెనకా సంవత్సరం రాస్తాను, తర్వాతివారికి ఏది ఏ కాలంలోదో తెలియడానికి.

ఎంత కాలం పడుతుంది?

నా కిట్ ఇంటికి శని, ఆదివారాలు మాత్రమే కూర్చుంటే రెండేళ్లు పట్టింది. అందులో కప్పుకే ఒక వేసవి పోయింది.

ఎక్కడ పెట్టాలి? సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టవచ్చా?

ఎండ నేరుగా పడని చోట, గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా, నేల మీద కాకుండా ఇనుప కాళ్ల బల్ల మీద పెట్టండి. ఇక్కడ చెదలు గోడ వెంటే వస్తుంది. నెలకోసారి బల్ల కాళ్లు, ఇంటి అడుగు చూడండి. మెత్తని బ్రష్షుతో దుమ్ము పై అంతస్తు నుంచి కిందికి దులపండి.

మా కొలువులో ఏటా పెడతాం. బరువు కాబట్టి మెట్ల మీద కాకుండా పక్కన విడి బల్ల మీద. మా అమ్మ కొండపల్లి ఎడ్లబండి ఏడు అంగుళాల తలుపులో పట్టదు. అందుకే బండి వరండా మెట్ల ముందు ఆగుతుంది. దాని చక్రాల కింద నేను 1:12 కొలతలో ఒక ఎర్రమట్టి బాట వేశాను.